వేములఘాట్ దారిలో రెండో మైలు

సిద్దిపేట వైపు ఎప్పుడూ వెళ్ళనివారి కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళినవారు చదివితే తప్పులు పట్టుకుంటారు. వారు చదవకపోయినా నాకు పరవాలేదు.

సొంత ఊరు బెజవాడ. ఉద్యోగం సికింద్రాబాదులో, ఒక వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌గా. ఏది కనబడినా కొలవాలనిపించడం, కొలిచినదాన్ని జాబితా రాయాలనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. రెండేళ్ళ క్రితం ఈ జబ్బు పరిశుద్ధ గ్రంథం మీదికి మళ్ళింది. ఏ మాట ఏ రాజు కాలంలో చెప్పారు, అప్పటి మూర ఎంత, మైలు ఎంత, ముందు చెప్పిన సంగతి తరువాత ఎక్కడ మళ్ళీ వినబడుతుంది, ఇవన్నీ ఆదివారాలు కూర్చుని ఏడు పటాలుగా గీశాను. రాజులకు ఎర్ర సిరా. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి నీలం గీత. నీలం గీతలు మొత్తం మూడు వందల పన్నెండు.

సిద్దిపేటలో పాస్టరుగా ఉన్న మా చిన్నాన్న ఈ పటాల సంగతి వాళ్ళ కమిటీలో చెప్పారు. పాస్టరు రాలేని ఊళ్ళలో ప్రార్థన నడిపే ఉపదేశులకు ఒక పరీక్ష పెట్టాలని కమిటీవారు అప్పటికే అనుకుంటున్నారట. ప్రశ్నపత్రం నన్నే చేసి పంపమన్నారు. రెండేసి మార్కుల యాభై ప్రశ్నలు, జవాబుల పట్టిక, ఆరు నియమాలు రాసి పంపాను. నాలుగో నియమం, జవాబులు ఎవరికి వారు స్వహస్తంతో రాయాలని. దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

వారం తిరక్కుండా చిన్నాన్న ఉత్తరం వచ్చింది. "నీ పత్రం అందరికీ నచ్చిందిరా, వేములఘాట్ ఉపదేశి దేవయ్యకు తప్ప. పందొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళో సంఘాన్ని నిలబెట్టిన మనిషి. నలభై మార్కులు రాకపోతే ఆయన్ని తీసేసి, చదువుకున్న కుర్రవాణ్ణి వేస్తామంటున్నారు. పత్రం చేసినవాడివి నువ్వే కాబట్టి నువ్వే వచ్చి నాలుగు రోజులు ఆయనకు చెప్పి పో."

సెలవు పెట్టి బయల్దేరాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత వచ్చిన మొదటి చలికాలం అది.

బొగ్గు బస్సు

పెట్రోలు దొరకని రోజులు. బస్సు వెనక ఒక ఇనప పీపా, అందులో బొగ్గు, ఆ పొగతో ఇంజను నడుస్తుంది. నడుస్తుందన్నది కొంచెం పెద్ద మాట. ఎత్తు వచ్చినప్పుడల్లా మేము దిగి నడిచాం. సిద్దిపేట చేరేలోపు పదకొండు సార్లు దిగాం. టిక్కెట్టు మాత్రం మొత్తం దూరానికి.

నా పక్కన సిద్దిపేట బట్టల వ్యాపారి కూర్చున్నాడు. చాలాసేపు నా ఇనప పెట్టెనే చూసి అడిగాడు.

"పెట్టెల ఏమున్నది?"

"బబులోను, పారసీకం, రోము," అన్నాను, పటాల పేర్లు చెబుతూ.

ఆయన కొంచెం ముందుకు వంగాడు. "మాకు శోలాపూరు సరుకే దొరుకుత లేదు. నీకు గివన్ని యాడికెల్లి దొరికినయి?"

పటాలని చెప్పాక ఆయనకు నా మీద ఆసక్తి పోయింది. ఆ తరువాతి ఎత్తు దగ్గర మాత్రం మర్యాదగా నన్నే ముందు దిగనిచ్చాడు.

సిద్దిపేట

ఊరు నేననుకున్నదానికంటే చురుకైనది. అంగళ్ళ వరుస, మగ్గాల చప్పుడు, సగం తెలుగూ సగం ఉర్దూగా సాగే బేరాలు. ఇక్కడ చెల్లేది నిజాంగారి హాలీ సిక్కా. మన ఇంగ్లీషువారి కల్దారు రూపాయి ఇస్తే చాయ్ అంగడివాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, దూరపు చుట్టాన్ని చూసినట్టు చూశాడు. చాయ్ బెజవాడ కాఫీకంటే తియ్యన, గ్లాసు చిన్నది.

చిన్నాన్న నన్ను చూసి ముందు నవ్వారు. ఖాకీ నిక్కరు, సోలా టోపీ, నడుముకు తోలు డబ్బాలో కొలత టేపు.

"ఉపదేశికి పాఠం చెప్పడానికి వచ్చావా, చెరువు తవ్వించడానికి వచ్చావా?"

"దారి దూరం కొలుద్దామని, చిన్నాన్నా."

"కొలుచుకో. పరీక్ష శనివారం. దేవయ్య నీకు ఎదురు వస్తానన్నాడు."

ఇరుసు విరిగిన ఊరు

మర్నాడు పొద్దున్నే ఎడ్లబండి ఎక్కాను. తొగుట దాటాక ఒక ఊరి ముందర బండి ఇరుసు విరిగింది. ఆ ఊరి పేరు చెప్పను. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

నేను దిగి, విరిగిన ఇరుసును అలవాటు కొద్దీ టేపుతో కొలిచాను. అంతే. వీధిలో ఉన్నవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి పటేలుగారి మనిషి వచ్చి నన్ను వాళ్ళ ఇంటి ముందు పందిట్లోకి తీసుకుపోయాడు. పటేలు లేచి నిలబడ్డాడు.

"రాండ్రి సాబ్, కూసోండ్రి. బందోబస్తు పని మీద వచ్చిన్రా?"

బందోబస్తు అంటే ఇక్కడ పొలాలు కొలిచి శిస్తు కట్టే సర్కారీ పని. కాదని చెప్పవలసింది. "కొలతల పనే," అన్నాను. అబద్ధం కాదు కదా అని నన్ను నేను సమర్థించుకునేలోపు పెద్ద చెంబుతో మజ్జిగ, వేయించిన పల్లీలు వచ్చాయి. ఇరవై మూడేళ్ళ వయసులో నన్ను చూసి ఒక పెద్దమనిషి లేచి నిలబడడం అదే మొదటిసారి. మజ్జిగ చాలా బాగుంది.

"సారు పెట్టె వేములఘాటు పోవాలె. ఎవడున్నడు గీడ?"

పందిరి బయట ఒకతను నిలబడి ఉన్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా పంచె, భుజం మీద తువ్వాలు.

"నువ్వు యాడోనివి?"

"వేములఘాటు, దొర. గీ సారును తీస్కపోదామనే వచ్చి..."

"తీస్కపో మరి. ఎత్తు."

అతను ఇంకేదో చెప్పబోయి, ఊరుకుని, తువ్వాలు చుట్ట చుట్టి తల మీద పెట్టుకుని పెట్టె ఎత్తుకున్నాడు. కూలి ఎంతని నేను అడగబోతే పటేలు చెయ్యి ఊపాడు. వెట్టికి కూలి ఉండదట. సర్కారు మనుషులెవరు వచ్చినా వాళ్ళ సామాను ఊరి చివరి వాడవాళ్ళు పొలిమేర రాయి దాకా మోయాలి. అక్కడ అవతలి ఊరి వెట్టివాడు అందుకుంటాడు. బెజవాడ స్టేషనులో కూలీతో అణా దగ్గర అరగంట వాదించే మనకు ఇది వింతగా ఉంటుంది.

దారిలో నేను మాట కలిపాను.

"బరువుగా ఉందా?"

"ఉన్నది సారు. ఏమున్నయి గిండ్ల?"

"పుస్తకాలు, పటాలు, ఒక ఓడ."

"ఓడనా?"

"నోవహు ఓడ. అట్టతో చేశాను. అసలు దానిలో మూడు వందలో వంతు."

"నయం సారు. అసలుది తెచ్చిన్రు కాదు."

మనిషి నాకు నచ్చాడు. దేవయ్య గురించి ఇతన్ని అడిగితే నిజం తెలుస్తుందనుకున్నాను.

"మీ ఊరి ఉపదేశి ఎలాంటివాడు?"

"ఏం చెప్పాలె సారు. ఉన్నడు."

"రాయడం రాదట కదా."

"అచ్చరాలు కూడబలుక్కుంటడు. రాసుడు రాదు. పెద్దబిడ్డ సదివి పెడతది, గాయన ఇంటడు. ఒక్కపారి ఇంటే పోదు."

"అలా అయితే పరీక్ష కష్టమే."

"కష్టమే సారు," అని అతనూ ఒప్పుకున్నాడు.

పొలిమేర రాయి వచ్చింది. అతను పెట్టె దింపి మెడ తిప్పుకున్నాడు. అందుకోవలసిన మనిషి అక్కడ లేడు. కాసేపు చూశాం. పెట్టె అక్కడే వదిలి తన దారిన తను పోతాడనుకున్నాను.

"పటేలు మాట గీ రాయి దాక. గీడికెల్లి నాదే," అని మళ్ళీ ఎత్తుకున్నాడు.

అప్పుడు నేను చేసినదేమిటో రాయడానికి కొంచెం ధైర్యం కావాలి. ఊరికే నడవడం ఎందుకని నా పత్రంలోని పదిహేడో ప్రశ్న అతనికి వివరించాను. రోము సిపాయి దారిన పోయే ఎవరినైనా పట్టుకుని తన బరువు ఒక మైలు మోయించుకోవచ్చు, ఆ మైలు మన లెక్కలో సుమారు పదహారు వందల ఇరవై గజాలు, అలా బలవంతం చేసినవాడితో రెండు మైళ్ళు పొమ్మన్న బోధకు ఇదీ చారిత్రక నేపథ్యం, అని. అడుగులు లెక్కపెడుతూ, టోపీ సవరించుకుంటూ, చాలా స్పష్టంగా చెప్పాను. నా పెట్టె కింద నుంచి అతను అంతా విన్నాడు.

"గట్లనా సారు," అన్నాడు.

వేములఘాట్

వాడలో గడ్డి కప్పిన ప్రార్థన ఇంటి ముందు అతను పెట్టె దింపాడు. తొట్టిలో నీళ్ళతో ముఖం కడుక్కుని, లోపలికి వెళ్ళి, రెండు గుండీలు లేని నల్ల కోటు తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"దేవయ్యను నేనే సారు. పాఠం ఎప్పుడు మొదలువెడ్తరు?"

"ముందే చెప్పవచ్చు కదండీ," అన్నాను. అండీ అనడం అప్పుడే మొదలైంది.

"చెప్పుదామనే అనుకున్న. మీరు మాట్లాడుతనే ఉంటిరి."

గడపలో నిలబడ్డ ఆయన భార్య సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఓడలో దూరి తలుపు వేసుకోవాలనిపించింది గానీ కొలత సరిపోదు.

ఆ సాయంత్రం జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు రాత్రి అన్నం లేకపోతే పస్తున్నట్టే లెక్క. ఇక్కడ అన్నం పండుగకు. రొట్టెను సాయమ్మ రెండు అరచేతుల మధ్య తడుతూ ఉంటే వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రంగా వస్తుంది. నేనూ ఒకటి తట్టాను. దాన్ని చూసి ఆమె అడిగింది.

"గిది ఏ దేశం పటం, సారు?"

మేక, పారసీక సామ్రాజ్యం

పాఠం దేవయ్య ఒక్కరికే అనుకున్నాను. పొద్దు వాలేసరికి చేలనుంచి తిరిగి వచ్చిన వాడంతా అక్కడే కూర్చుంది. గోడకు పటాలు వేలాడదీశాను. మధ్యలో ఓడ పెట్టాను. మూరలు, అంతస్తులు, కిటికీ, అన్నీ చెప్పి ప్రశ్నలు అడగమన్నాను.

"గన్ని జంతువుల పెండ ఎవలు ఎత్తిన్రు?" అని సాయమ్మ అడిగింది.

నేను ఓడను పక్కకు జరిపాను. ద్రాక్షతోట కూలివాళ్ళ ఉపమానం చెప్పి, ఆనాటి రోజు కూలి అయిన దేనారం బరువు, అందులో వెండి పాలు వివరించాను. దానికీ ఆమే లేచింది.

"పొద్దుగూకంగ వచ్చినోనికి గూడ దినమంత చేసినోనంత ఇస్తే, రేపు పొద్దుగాల ఎవడొస్తడు?"

వాడ రెండుగా చీలి చాలాసేపు వాదించుకుంది. సరిగ్గా ఆ ఉపమానంలో కూలివాళ్ళు గొణుక్కున్నట్టే గొణుక్కున్నారు. దేనారం బరువు ఎవరికీ అవసరం కాలేదు.

మర్నాడు చెరువు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి మేక మూడో పటం తినేసింది. పటాలను గుడ్డకు అతికించడానికి నేను గంజి వాడాను, అది దానికి నచ్చింది. రెండు వందల ఏళ్ళ పారసీక సామ్రాజ్యంలో అంగుళమున్నర మిగిలింది. దేవయ్య ఆ ముక్క చేతిలో పట్టుకుని ఓదార్పుగా అన్నాడు.

"ఎట్లయిన గది పోయేదే గద సారు. అలెగ్జాండరు చేతుల పోవుడు, మ్యాక నోట్ల పోవుడు."

ఆ ఒక్క మాటతో ఆయనకు రాజుల వరుస బొత్తిగా తెలియదనుకోవడం తప్పని తెలిసింది. వరుస తెలుసు. సంవత్సరాలు రావు, రాయడం రాదు.

పటం పోయాక నేను చెప్పడం తగ్గించి ఆయన్ని అడగడం మొదలుపెట్టాను. బావుల గురించి చెప్పమన్నాను. ఏ పటం చూడకుండా, ఎవరి పెళ్ళి ఏ బావి దగ్గర కుదిరిందో వరుసగా చెప్పి, చివర ప్రభువు నీళ్ళడిగిన సమరయ స్త్రీ దగ్గర ఆగాడు.

"మిట్టమధ్యాహ్నం నీళ్ళకు వచ్చిందంటే, పొద్దుగాల పోయేటోళ్ళ నడుమ ఆమెకు జాగ లేదన్నట్టు. గాయన దగ్గర చేద లేదు. ఆమె కుండలకెల్లే తాగుతనన్నడు. మా ఊరి బాయికాడ గట్ల అడిగినోడు ఇప్పటిదాక రాలేదు సారు."

నా పటంలో అక్కడ ఒక నీలం గీత ఉంది, పక్కన 'రెండు జాతుల మధ్య పాత వైరం' అని రాసి ఉంది. అంతే ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఆయన చెప్పినవి విని కొత్తగా పద్నాలుగు నీలం గీతలు గీశాను.

రాయడం మాత్రం కుదరలేదు. గడియారం పెట్టి చూశాను. ఆయన నిమిషానికి అయిదు అక్షరాలు రాస్తాడు, అందులో ఒకటి చెరిపేస్తాడు. ఆ లెక్కన యాభై జవాబులకు పంతొమ్మిది గంటలు కావాలి. పరీక్ష మూడు గంటలు. ఈ లెక్క ఆయనకు చెప్పలేదు. సాయమ్మ నాకు సద్ది కట్టి ఇస్తూ, కొత్తగా వచ్చే పంతులుకు పెళ్ళయిందా అని అడిగింది. ఆమె ఏ లెక్కా లేకుండానే తెలుసుకున్నది.

పరీక్ష

శనివారం తెల్లవారకముందే నడక మొదలుపెట్టాం. పెట్టెను వెదురుకు వేలాడదీసి చెరో చివర భుజాన వేసుకున్నాం. మైలుకొకసారి దింపమని అడిగింది నేనే.

చిన్నాన్న గుడిలో ఏడుగురు ఉపదేశులు బల్లల ముందు కూర్చున్నారు. కమిటీలో మూడోవారికి జ్వరమట. చిన్నాన్న, అధ్యక్షులైన ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు మాత్రమే ఉన్నారు. దేవయ్య నల్ల కోటుతో వంగి కూర్చున్నాడు. మూడు గంటల్లో ఏడు జవాబులు రాశాడు.

పత్రాలు దిద్దింది నేను. ఆయనకు పదకొండు మార్కులు వచ్చాయి. మూడు సార్లు కూడి చూశాను. మూడు సార్లూ పదకొండే. చిన్నాన్న నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

నేను లేచాను. "అయ్యా, నాలుగో నియమం తప్పు. దాన్ని తీసేయండి."

హెడ్మాస్టరుగారు కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "కింద రెండు గీతలు కూడా గీశావు కదయ్యా."

"స్కేలు పెట్టి గీశానండి. ఆలోచించి గీయలేదు."

"ఇతనొక్కడికి తీసేస్తే, చెమటోడ్చి రాసిన ఈ ఆరుగురి మాటేమిటి?"

అదీ న్యాయమే. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మార్కుల కోసం కాదు. ఇంత దూరం నడిచి వచ్చాడు కాబట్టి నా కోసం ఈ పత్రంలోంచి ఒకటి అడుగుతాను. దేవయ్యా, కురేనీయుడైన సీమోను చేత ప్రభువు సిలువ మోయించారు కదా. దాని నేపథ్యమేమిటి, దానితో కలిసే వాక్యమేది?"

దేవయ్య లేచి నిలబడ్డాడు. తువ్వాలు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

"అయ్యగారు, సీమోను చేన్లకెల్లి వస్తుండెనని ఉన్నది. గట్ల తొవ్వ మీద దొరికినోన్నే పట్టుకుంటరు. ఇంట్ల ఉన్నోడు దాసుకుంటడు, చేన్ల ఉన్నోడు ఉర్కుతడు, తొవ్వ మీదోడు యాడికి పోతడు? నన్ను గట్లనే నాలుగు పారీలు పట్టిన్రు." ఒకసారి నా వైపు చూసి, "మొన్నటిది లెక్కల పట్టకుండ్రి," అన్నాడు.

బల్లల దగ్గర నవ్వారు. ఆయన ఆగలేదు.

"పట్టుకునేటోడు పేరడగడు అయ్యగారు. ఒరే అంటడు, ఎత్తుమంటడు. గా సిపాయి గూడ అడిగి ఉండడు. మరి పేరెట్ల దొరికింది? ఒక్క పేరు గాదు, ఇద్దరు కొడుకుల పేర్లు గూడ రాసి ఉన్నయి. అంటే బరువు దించంగనే గాయన తన తొవ్వ తను పోలేదు. ప్రభువు మనుషులల్ల కలిసిండు, పిల్లలకు చెప్పిండు. రాసేటోనికి గా పిల్లలు ఎరుకనే. ఆఖర్ల రోముకు రాసిన చిట్టీల ఒక కొడుకు పేరు మల్లొకపారి వస్తది, వాని తల్లికి గూడ దండం చెప్పుమని. ఒక మైలుకు పట్టుకుంటే రెండు మైళ్ళు పొమ్మన్నడు గద కొండ మీద. పట్టుకున్నది మొదటి మైలుకే. రెండోది గాయనే నడిచిండు. గా ఇల్లంత నడిచింది."

కూర్చోవచ్చా అన్నట్టు చూసి కూర్చున్నాడు.

నా పటంలో మైలు నుంచి సిలువ మోతకు ఒక గీత ఉంది. కొడుకుల పేర్ల నుంచి రోముకు రాసిన చిట్టీకి ఇంకొకటి ఉంది. ఆ రెండు గీతలూ రెండు మూలల్లో ఉన్నాయి. అవి ఒకే ఇంటివని రెండేళ్ళలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

హెడ్మాస్టరుగారు నన్ను అడిగారు. "ఇది నీ జవాబుల పట్టికలో ఉందా?"

"లేదండి."

"ఉండవలసిందా?"

"ఉండవలసిందేనండి."

"అయితే ఎక్కించు."

పట్టిక తీసి, ఆ ప్రశ్న ఎదుట నేను రాసుకున్న మూడు పంక్తుల కింద దేవయ్య మాటలు రాశాను. ఎక్కడి నుంచి తీసుకున్నానో మార్జినులో రాయడం నా పద్ధతి. అక్కడ 'దేవయ్య, వేములఘాట్' అని రాశాను. హెడ్మాస్టరుగారు అది చూసి చిన్నాన్న వైపు తిరిగారు.

"జవాబుల పట్టికకు ఆధారమైన మనిషిని అదే పరీక్షలో తప్పించడం నా ఉద్యోగంలో ఎన్నడూ లేదు. ఇప్పుడు మొదలుపెట్టను. వేములఘాట్ ఉపదేశి వేములఘాట్‌లోనే ఉంటాడు. అభ్యంతరమా?"

చిన్నాన్నకు లేదు. ఆరుగురు ఉపదేశులకూ లేదు. వారిలో ఒకాయన మాత్రం, వచ్చే ఏడు అందరినీ నోటితోనే అడిగితే బాగుంటుందని మెల్లగా అన్నాడు.

అందరూ లేచాక దేవయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. పట్టిక మీదికి వంగి, మార్జినులో ఉన్నదాన్ని వేలితో ఒక్కొక్క అక్షరంగా కూడబలుక్కున్నాడు. రెండోసారి కూడా చదివాడు.

"నాదొక్కటే ఉన్నది సారు."

"ఇంకేం రాయాలి?"

"పిల్లలయి గూడ రాయండ్రి. సుందరమ్మ, రూతమ్మ. గదంత సదివి పెట్టింది సుందరమ్మనే."

మార్జిను ముప్పావు అంగుళమే. సన్నని పాళీ తీసుకుని ఇరికించాను: సుందరమ్మ, రూతమ్మల తండ్రి దేవయ్య, వేములఘాట్.